డబ్బాలో పదకొండు ఫోన్లు

“...జిరాక్సు నా దగ్గరుందన్నాను మావా. అంతేగానీ దాన్ని వాడానని ఎప్పుడన్నాను?”

“ఉందన్నావు కదా! ఉన్నోడే వాడతాడు. లేనోడు ఎట్టా వాడతాడు?”

పేరమ్మ చల్లపల్లిలో షేర్ ఆటో దిగి చీర సర్దుకునేలోపే ఈ మాటలు రోడ్డు మీదికి వినిపించాయి. మొదటిది అల్లుడు శివాజీ గొంతు. రెండోది తమ్ముడు కాశీరావుది. ఒక బోటు మీద నుంచి ఇంకో బోటుకి కేకవేసి మాట్లాడడం అలవాటైన గొంతు అది. నాలుగు గోడల మధ్య దాన్ని తగ్గించడం ఆయనకి చేతకాదు. తను వచ్చేదాకా షాపులోకి వెళ్ళొద్దని ఇంటి దగ్గరే చెప్పింది. మోటారు సైకిలు మీద ముందుగా వచ్చినవాడు ఆగలేకపోయాడు.

షాపు మీద ‘తిరుమల నెట్ సెంటర్’ అని బోర్డు. తిరుమల అంటే పేరమ్మ కూతురు. పెళ్ళాం పేరు బోర్డుకెక్కించాడని సముద్రపొడ్డున తమ పాలెంలో ఆడవాళ్ళు నెలరోజులు నవ్వుకున్నారు. ఇప్పుడు ఆ బోర్డు కింద ఇద్దరు రైతులు పాస్‌బుక్కులు చేతిలో పట్టుకుని, వచ్చిన పని మర్చిపోయి వింటున్నారు.

“మెల్లగా మాట్లాడరా కాశీ,” అంది పేరమ్మ.

“మెల్లగానే మాట్లాడుతున్నానక్కా!”

రైతుల్లో ఒకాయన నవ్వు ఆపుకోలేక మొహం పక్కకి తిప్పుకున్నాడు.

“నువ్వు చెప్పత్తా,” అన్నాడు శివాజీ. “పాలెంలో అందరి ఆధారు కార్డులూ ఇక్కడే జిరాక్సు తీశాను. తీసిన ప్రతిసారీ ఏం చెప్పాను? కాగితం మీద అడ్డంగా గీత కొట్టి, దేనికిస్తున్నారో, ఏ రోజు ఇస్తున్నారో రాసి సంతకం పెట్టండి, అప్పుడు ఇంకోదానికి పనికిరాదు అని చెప్పానా లేదా? ఒక్కడు రాశాడా? ఈయనైతే గీతలు కొడితే కార్డు చెల్లదని నన్నే కసిరాడు.”

“మాట మార్చకు. నా కార్డు, నా నంబరు నీకు తెలుసు. నా ఫోను బాగుచేసింది నువ్వు. పోలీసులు అనుమానం ఎవరి మీదని అడుగుతారంట. అడిగితే నీ పేరే చెప్తాను.”

శివాజీ చేతిలో కాగితాలు బల్ల మీద పెట్టాడు. “చెప్పు మావా. వచ్చి కంప్యూటర్లు పట్టుకుపోతారు. షాపుకి తాళం పడుద్ది. నేను కాదని తర్వాత ఎప్పుడో తేలుద్ది. తేలినా, దొంగ నెట్ సెంటరనే ముద్ర పోద్దా? కార్డు పట్టుకుని మళ్ళీ ఎవడొస్తాడు ఇక్కడికి?”

కాశీరావు బండి తాళాలు బల్ల మీదికి విసిరి, సాయంత్రం తీసుకుంటానని రోడ్డు దాటాడు. తిరుమల లోపలి నుంచి వచ్చి తల్లి చేతిలో నీళ్ళసీసా పెట్టింది. “మావయ్యకి నువ్వు చెప్పమ్మా,” అంది. ఏం చెప్పాలో ఆమే చెప్తుందేమోనని పేరమ్మ కాసేపు చూసింది. తిరుమల బల్ల మీది తాళాలు తీసి మేకుకి తగిలించింది. విజయవాడ బస్సు హారను కొట్టింది.

జరిగింది ఇంత. నాలుగు రోజుల క్రితం విజయవాడ సైబర్ పోలీసులమంటూ కాశీరావుకి ఫోనొచ్చింది. మీ పేరు మీదున్న నంబరు నుంచి ఎవరో ఒక పెద్దావిడని మోసం చేశారు, ఆధారు కార్డు తీసుకుని రండి అన్నారు. కాశీరావు ఇలాంటి ఫోన్ల గురించి టీకొట్టు దగ్గర చాలా విన్నాడు. “నన్ను మోసం చేద్దామనుకుంటున్నావా, పెట్టెయ్” అని కట్ చేశాడు. ఇంకో రెండుసార్లు వస్తే రెండుసార్లూ కట్ చేశాడు. దొంగని చిత్తు చేశానని ఆ సాయంత్రం పాలెమంతా చెప్పుకున్నాడు. మర్నాడు నాగాయలంక స్టేషను నుంచి కానిస్టేబులు బండేసుకుని వచ్చి, అది నిజం పోలీసేనయ్యా, వెళ్ళకపోతే బాగుండదు అన్నాడు. అప్పటినుంచి కాశీరావుకి ఏది నమ్మాలో, ఏది నమ్మకూడదో తెలియకుండా పోయింది. రెండు రోజులు ఫోను మోగితే ముట్టుకోలేదు. పోలీస్ స్టేషనుకి ఒక్కడే వెళ్ళలేక, “నువ్వు రా అక్కా, నీకు అంకెలు తెలుసు,” అన్నాడు.

పేరమ్మకి అంకెలు తెలిసిన మాట నిజం. ఐదో తరగతి దాకా చదివింది. రేవులో చేపల వేలంపాట జరిగేటప్పుడు తూకాలు పైకి చదివి రాసేది ఆమే. ఆ అంకెల వల్లే ఫోన్లు ఆమె దగ్గరికి చేరాయి.

మొదట్లో పాలెంలో సిగ్నలు ఎక్కడా సరిగ్గా వచ్చేది కాదు. తుఫాను షెల్టరు పక్కన కాస్త ఎత్తు మీద పేరమ్మ ఇల్లు. ఆ ఇంటి అరుగు మీద మాత్రం మూడు గీతలు నిలిచేవి. వేటకెళ్ళేవాళ్ళు మొలలో పెట్టుకెళ్ళిన ఫోన్లు ఉప్పునీళ్ళకి చచ్చిపోతుంటే, ఒక ఏడాది బోటు నడిపే సరంగు అబ్రహాము తన ఫోను తెచ్చి, “మేమొచ్చేదాకా నీ దగ్గరుంచు పేరమ్మా, ఎవరైనా చేస్తే పలుకు” అన్నాడు. ఆ తర్వాత ముగ్గురు తెచ్చారు. ఇప్పుడు పదకొండు మంది. ఆమె తల్లి బియ్యం పోసుకున్న స్టీలు డబ్బాలో అడుగున పాత దుప్పటి ముక్క వేసి, ఒక్కో ఫోనుకి ఒక్కో రంగు వలతాడు కట్టింది. కాశీరావుది ఆకుపచ్చ, అబ్రహాముది ఎరుపు, ఇశ్రాయేలుది నీలం. సముద్రంలో తనిఖీకి జిరాక్సు చాలు గనక, అసలు ఆధారు కార్డు కూడా ఫోనుకి రబ్బరు బ్యాండుతో చుట్టి ఇచ్చేసి వెళ్ళేవారు. తాళం తీసే అంకెలు పదకొండు రకాలైతే ఆమె గుర్తుపెట్టుకోవడం కష్టమని, ఏ బోటువాళ్ళు ఆ బోటు నంబరులో చివరి నాలుగే పెట్టుకున్నారు. ఆ నంబర్లు బోట్ల మీద అడుగెత్తు అక్షరాలతో పెయింటు వేసి ఉన్నాయి. సముద్రంలో పోయేవాళ్ళందరికీ కనిపిస్తాయి.

ఫోను మోగగానే ఆమె తీసేది. విజయవాడ, పామర్రు షావుకార్లే ఎక్కువ. బోటు ఎప్పుడొస్తుంది, ఏం పడింది, ఐసు పంపాలా అని అడిగేవారు. “కాశీరావేనా?” అంటే, “ఆ, ఉన్నాడండీ, చెప్పండి,” అనేది. వేటకు వెళ్ళిన మనిషి గురించి ఒడ్డున ఉన్న ఆడది ఇంట్లో లేడని అనకూడదు. అది ఆ పాలెంలో ఎవరూ నేర్పకుండానే వచ్చే సంగతి. ఆయన కంచం బోర్లించకూడదు, చెప్పులు తిరగేయకూడదు, ఎవరడిగినా ఉన్నాడనే చెప్పాలి. పేరమ్మ మొగుడు బతికున్న రోజుల్లోనూ అలాగే చెప్పింది. ఆయన తిరిగిరాని ఆ తుఫాను నెలలో కూడా, గడపలో నిలబడ్డ రేషను డీలరుకి ఉన్నాడనే చెప్పింది. షావుకార్లకి ఈ సంగతి తెలుసు. ఆమె ‘ఉన్నాడండీ’ అంటే, నవ్వి, సముద్రం మీదున్నాడన్న లెక్కలో మాట్లాడేవారు.

బస్సు పామర్రు వైపు పోతోంది. రెండు పక్కలా కోతకొచ్చిన వరి. కాశీరావు కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు. నిద్రలో కూడా కనుబొమలు ముడుచుకునే ఉన్నాయి.

“శివాజీ సంగతి పెళ్ళిచూపుల్లోనే అనుకున్నాను,” అన్నాడు కళ్ళు తెరవకుండా. “ఆ చొక్కా చూసి.”

“ఏ చొక్కా?”

“తెల్ల చొక్కా. చేపలోళ్ళ ఇంటికి తెల్ల చొక్కా వేసుకొచ్చేవాడు ఎవడక్కా?”

“నువ్వు కూడా తెల్ల చొక్కాయే వేసుకున్నావు ఆ రోజు.”

“నేను పెద్దమనిషిని,” అని మళ్ళీ తల ఆనించాడు.

పామర్రు దాటాక ఆయన జేబులో ఫోను మోగింది. ఆయన లేవలేదు. పేరమ్మ చెయ్యి అలవాటుగా జేబులోకి వెళ్ళి ఫోను తీసింది. “ఆ, కాశీరావు ఫోనేనండీ, ఉన్నాడు, చెప్పండి,” అంది.

మాట నోట్లోంచి రాగానే ఆమెకి ఏదో తగిలినట్టయింది. వల లాగుతుంటే నీళ్ళ అడుగున ఏదో పట్టుకుని, అది రాయో మొద్దో తెలియనట్టు. ఐసు ఫ్యాక్టరీవాడు ఏదో అడుగుతున్నాడు. ఆమె ఫోను కాశీరావు ఒళ్ళో పెట్టేసి కిటికీలోంచి చూసింది. పక్కనే ఉన్న మనిషిని ఉన్నాడని చెప్పింది. అందులో తప్పేముంది? కానీ ఈ మాట తర్వాత ఇంకేదో మాట ఉండాలి. ‘పక్కనే ఉన్నారాండీ?’ అని ఎవరో మర్యాదగా అడిగిన మాట. ఎప్పుడు, ఎవరు? ఉయ్యూరు వచ్చింది, పోయింది. గుర్తు రాలేదు.

విజయవాడలో సిటీ బస్సు మారి, ఇద్దర్ని దారి అడిగి, స్టేషను చేరేటప్పటికి పదకొండు దాటింది. మేడ మీద గది. పోలీస్ స్టేషనంటే ఇనప ఊచలు ఉంటాయనుకుంది పేరమ్మ. ఇక్కడ ఊచలు లేవు. శివాజీ షాపులో ఉన్నట్టే కంప్యూటర్లు, ప్రింటరు, మూలగా నీళ్ళ డ్రమ్ము. దొంగలు ఎక్కడుంటారో అర్థం కాలేదు.

హెడ్ కానిస్టేబుల్ స్టెల్లా నలభై ఏళ్ళ మనిషి. కళ్ళద్దాలు తలమీదికి నెట్టుకుని ఉంది. “మూడుసార్లు చేస్తే మూడుసార్లు తిట్టి పెట్టేసిన కాశీరావుగారు మీరేనా?” అంది.

కాశీరావు చేతులు కట్టుకున్నాడు. “దొంగలనుకున్నానండీ.”

“మంచిదే. అనుమానం వస్తే పెట్టేసి, స్టేషను నంబరు మీరే కనుక్కుని తిరిగి చెయ్యాలి. తిట్టడం అయితే అవసరం లేదు.”

పక్క కుర్చీలో నూలు చీర కట్టుకున్న పెద్దావిడ కూర్చుని ఉంది. ఒళ్ళో చేతిసంచి రెండు చేతులతో పట్టుకుంది. స్టెల్లా చెప్పింది: ఈమె వెంకటరత్నమ్మగారు, రిటైరైన టీచరు. కాశీరావు పేరు మీదున్న నంబరు నుంచి ఎవడో ఫోన్ చేసి, కొరియర్‌లో మీ పేరుతో దొంగసరుకు దొరికిందని బెదిరించి, రెండు రోజులు ఇంట్లోంచి కదలనివ్వకుండా కూర్చోబెట్టి, బ్యాంకులో ఉన్నదంతా పంపించుకున్నాడు.

వెంకటరత్నమ్మ కాశీరావుని తలనుంచి కాళ్ళదాకా చూసింది. “ఒకసారి హలో అనండి,” అంది.

“ఏంటండీ?”

“హలో అనండి. ఫోన్లో అన్నట్టు.”

కాశీరావు స్టెల్లా వైపు చూశాడు. ఆమె తలూపింది. ఆయన గొంతు సవరించుకుని, “హలో!” అన్నాడు. పక్క గదిలోంచి ఎవరో తొంగిచూశారు.

వెంకటరత్నమ్మ తల అడ్డంగా ఊపింది. “ఇతను కాదు. వాడు చాలా మెల్లగా, మర్యాదగా మాట్లాడాడు. అమ్మా అమ్మా అంటూ.” ఒక క్షణం ఆగి, “కానీ పేరు ఇదే. పోలీసులు తీయించిన కాగితంలో ఇదే పేరు, ఈ ఫొటోనే,” అంది. సంచి ఇంకా గట్టిగా పట్టుకుంది. మనిషి కాదని తేలినా, పేరుని ఏం చేయాలో ఆమెకి పాలుపోనట్టుంది.

పేరమ్మని ఆమె మాటల్లో ఒకటి పట్టుకుంది. మెల్లగా, మర్యాదగా. అమ్మా అమ్మా అంటూ.

స్టెల్లా కుర్చీ జరిపి కాశీరావుని కంప్యూటరు ముందు కూర్చోబెట్టింది. ప్రభుత్వం పెట్టిన పేజీ ఒకటి ఉందని, అందులో మన నంబరు కొడితే మన పేరు మీద ఎన్ని సిమ్ములున్నాయో చూపిస్తుందని చెప్పింది. ఆయన ఫోను టింగుమంది.

“ఇదిగో, ఏదో అంకె వచ్చింది. చెప్పమంటారా?” అన్నాడు కాశీరావు.

“నాకు చెప్పొద్దు. పోలీసుకైనా సరే, ఎవరికీ చెప్పొద్దు. మీ చేత్తో మీరే కొట్టండి.”

కాశీరావు చూపుడువేలితో ఒక్కో అంకె వెతుక్కుంటూ కొట్టాడు. నాలుగో అంకె దగ్గర దారి తప్పితే పేరమ్మ వెనకనుంచి, “ఏడు, ఏడు,” అని అందించింది. నోటికి వచ్చేసింది. స్టెల్లా ఆమె వైపు తిరిగి చూసింది, తిట్టలేదు. “బయటికి చదవకూడదమ్మా,” అంది అంతే.

పేరమ్మ నోరు మూసుకుంది. ఒడ్డున వలతాళ్ళు చిక్కుపడితే ఒక కొస దొరకగానే మిగతాదంతా వరసగా వస్తుంది. ఇప్పుడు కొస దొరికింది. కానీ మిగతాది వరసగా రావడం లేదు. ముక్కలు ముక్కలుగా వస్తోంది. బోర్లించిన బుట్ట. బుట్ట మీద ఫోను. నెత్తళ్ళ చేపలు ఆరబోసి తిరగేస్తోంది, చేతులకి పొలుసు, ఫోను చెవి దగ్గర పెట్టుకోవడానికి వీల్లేక పెద్ద శబ్దం పెట్టుకుంది. ‘కాశీరావుగారు ఉన్నారాండీ?’ ‘ఉన్నాడండీ.’ ‘పక్కనే ఉన్నారా అమ్మా?’ ‘ఇక్కడే ఉన్నాడు, పనిలో ఉన్నాడు, చెప్పండి.’ వేట నిషేధం రోజుల్లో ఇచ్చే డబ్బుకి పేర్లు సరిచూస్తున్నామమ్మా. కార్డు మీద నంబరు చదవండమ్మా. ఇప్పుడు ఫోనుకి ఆరంకెలొస్తాయి, అవి చదవండమ్మా. నిదానంగా చదవండి, తొందరేం లేదు. ఆమె నిదానంగా చదవలేదు. గబగబా చదివింది, తప్పులేకుండా. అవతలివాడు ‘ఎంత బాగా చదివారమ్మా’ అన్నాడు. ఆ మాట ఆమెకి ఆ రోజంతా గుర్తుంది.

అయితే అది కాశీరావు ఫోనేనా? తాడు ఆకుపచ్చా, నీలమా? ఉప్పుగాలికి రెండూ వెలిసి ఒకే రంగుకి వచ్చాయి. ఇశ్రాయేలు ఫోనుకి కూడా అలాంటిదే ఒకటి వచ్చినట్టుంది. లేక ఒకే ఫోను రెండుసార్లు మోగిందా? ‘కాశీరావుగారు’ అని అడిగాడా, ‘మీవారు’ అని అడిగాడా? తలుచుకునే కొద్దీ అన్ని పేర్లూ ఆ గొంతులో సరిపోతున్నాయి.

“ఏడున్నాయి,” అంది స్టెల్లా.

కాశీరావు తెర మీదికి వంగాడు. “ఏడేంటి?”

“మీ పేరు మీద ఏడు నంబర్లు. ఇందులో మీవి ఏవి?”

ఒకటి తనది. ఇంకోటి భార్యకి తీసిచ్చింది. మిగతా ఐదూ ఎవరివో తెలియదు.

“అంటే ఏడుగురు కాశీరావులం ఉన్నామా?” అన్నాడు. నవ్వబోయాడు, నవ్వు రాలేదు.

ఐదింటి పక్కనా ‘నావి కావు’ అన్నచోట నొక్కించింది స్టెల్లా. అవి ఇక ఆగిపోతాయంది. ఆ తర్వాత ఆధారులో వేలిముద్రలకి తాళం వేయించింది. ఇక ఎవరూ మీ వేలితో మీకు తెలియకుండా ఏ పనీ చేయలేరని చెప్పింది.

“రేషను తీసుకునేప్పుడో?” అని అడిగింది పేరమ్మ.

“అప్పుడు తాళం తీసి, పనయ్యాక మళ్ళీ వేస్తారు. ఫోన్లోనే.”

“ఎవరు తీస్తారు?”

“ఆయనే. ఆయన ఫోను, ఆయన వేళ్ళు.”

కాశీరావు తన వేళ్ళ వైపు చూసుకున్నాడు. తాళ్ళు లాగి లాగి అరిగిపోయిన వేళ్ళు. రేషను మిషను వాటిని ఎప్పుడూ నాలుగోసారికి గానీ ఒప్పుకోదు. “నా వేళ్ళు నాకే సరిగ్గా పడవు మేడమ్, దొంగోడికి ఎట్టా పడ్డాయి?” అన్నాడు.

“వాడు వేళ్ళతో తీయలేదు. ఓటీపీతో తీశాడు.” స్టెల్లా కళ్ళద్దాలు కిందికి దించి ఒక కాగితం చూసింది. “సిమ్ కంపెనీ ఇచ్చిన వివరం ఇది. సెప్టెంబరు పన్నెండు, పొద్దున పదకొండు నలభైకి మీ అసలు నంబరుకి అంకెలు వెళ్ళాయి. రెండు నిమిషాల్లో అవి అవతల కొట్టేశారు. అంటే ఆ టైముకి మీ ఫోను చేతిలో ఉన్న మనిషి చదివి చెప్పి ఉండాలి. ఆ రోజు మీరెక్కడున్నారు?”

“సెప్టెంబరా...” కాశీరావు వేళ్ళు మడిచాడు. “వినాయకుణ్ణి నీళ్ళలో కలిపిన తర్వాతి వారం. వేటలో ఉన్నామండీ. మూడు రోజులు.” ఆయన మొహం వెలిగింది. “చూశారా! నేను నడిసముద్రంలో ఉన్నాను. నేనెట్టా చెప్తాను?”

“బాగుంది. మరి ఫోను?”

కాశీరావు కుర్చీలో వెనక్కి జరిగాడు. పేరమ్మ వైపు చూశాడు. ఎక్కువసేపు చూడలేదు. ఆ చూపు మళ్ళీ బల్ల మీదికి, అక్కడినుంచి నీళ్ళ డ్రమ్ము మీదికి పోయింది.

“ఫోను నా దగ్గరే ఉంది మేడమ్,” అన్నాడు.

“వేటకి తీసుకెళ్తారా?”

“ఒక్కోసారి.”

“నడిసముద్రంలో సిగ్నలొస్తుందా?”

“ఆ రోజు... ఒడ్డుపక్కనే తిరిగాంలెండి.”

పేరమ్మకి ముందు అర్థం కాలేదు. పదేళ్ళుగా కాశీరావు ఒక్కసారి కూడా ఫోను సముద్రం మీదికి తీసుకెళ్ళలేదు. ఎందుకిలా చెప్తున్నాడు? పోలీసుల ముందు అబద్ధమాడే ధైర్యం వీడికి ఎక్కడినుంచి వచ్చింది? ఆయన చెవులు ఎర్రబడ్డాయి. చిన్నప్పుడు ఆమె చేతిలోంచి కుండ జారి పగిలితే, తల్లి ముందు నిలబడి నేనే పగలగొట్టానన్నప్పుడు కూడా ఆ చెవులు అలాగే ఎర్రబడ్డాయి. తనని కాపాడడానికేనని అప్పుడు కూడా ఆమెకి ఆలస్యంగా తెలిసింది.

ఎప్పుడు తెలిసింది వీడికి? ఇప్పుడా, పొద్దున షాపులో అరుస్తున్నప్పుడేనా? అడగడానికి లేదు.

స్టెల్లా కలం బల్ల మీద తడుతోంది. నమ్మినట్టు లేదు, నమ్మనట్టూ లేదు. “సరే. మీ తరఫున కూడా ఫిర్యాదు రాసుకుంటాం. మీ పేరు వాడుకున్నారు గనక మీరూ బాధితులే. అనుమానం ఎవరి మీదైనా ఉందా? మీ కార్డు, మీ ఫోను రెండూ తెలిసినవాళ్ళు?”

కాశీరావు కుర్చీ చేతులు పట్టుకున్నాడు.

“చల్లపల్లిలో ఒక నెట్ సెంటరుంది మేడమ్,” అన్నాడు. ఈసారి ఆయన గొంతు ఎంత చిన్నగా వచ్చిందంటే, స్టెల్లా వంగి వినాల్సివచ్చింది. “మా కార్డులన్నీ అక్కడే జిరాక్సు తీస్తారు. శివాజీ అని.”

“ఇంటిపేరు?”

కాశీరావు తల వంచుకున్నాడు. కీబోర్డు మీద ఆమె వేళ్ళు కదిలాయి. పేరమ్మ తెర వైపు చూసింది. తెర మీద ‘శివాజీ’ అన్న మూడక్షరాలు వచ్చి నిలబడ్డాయి. పక్కన చిన్న గీత ఒకటి, ఇంకా ఏదో రాయమన్నట్టు, వెలుగుతూ ఆరుతూ ఉంది.

వెంకటరత్నమ్మ కుర్చీలోంచి ముందుకి వంగింది. “దొరికాడా?” అంది ఆశగా.

పేరమ్మకి తాడు ఆకుపచ్చో నీలమో ఇప్పటికీ తెలియలేదు. వాడు మర్యాదగా మాట్లాడాడు. తను ఉన్నాడనే చెప్పింది. ఉన్నాడనకపోతే ఏమనాలి? తన నోట్లోంచి వచ్చిన అంకెలు ఎక్కడికి పోయి, ఎన్ని చేతులు మారి, ఈ పెద్దావిడ ఇంటిదాకా ఎలా వచ్చాయి? డబ్బాలోకి వచ్చే ఫోన్లు ఇంకా పది ఉన్నాయి. రేపు తెల్లవారకముందే బోట్లు వెళ్తాయి. ఈ సాయంత్రానికల్లా అబ్రహాము, ఇశ్రాయేలు, మిగతావాళ్ళు ఒక్కొక్కరే అరుగు దగ్గరికొచ్చి ఫోను చేతిలో పెట్టి, మారుమాట లేకుండా వెళ్ళిపోతారు.

“అమ్మా,” అంది. స్టెల్లా తలెత్తింది. కాశీరావు, “అక్కా, నువ్వూరుకో,” అన్నాడు.

పేరమ్మ లేచి నిలబడింది. పాటలో తూకం చదివేటప్పటిలా, అందరికీ వినపడేలా చెప్పింది.

“ఆ రోజు ఆ ఫోను మా ఇంట్లో ఉంది. ఆ అంకెలు చదివి చెప్పింది నేను. శివాజీ పేరు తీసేసి నా పేరు రాయండి. సాయంత్రం బస్సు దిగాక పదకొండు ఇళ్ళకీ నేనే వెళ్ళి ఈ మాట చెప్తాను.”